ఘాట్ రోడ్డుకి తొమ్మిది, హైవేకి రెండు

నేను సైకిల్ తొక్కేది హైదరాబాద్‌లో. ఎక్కువగా ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన సోలార్ కప్పు ట్రాక్ మీద. 23 కిలోమీటర్లు, పైన నీడ, కింద ఒక్క గుంట లేదు, కారన్నది దరిదాపులకి రాదు. సైకిలిస్టుకి ఇంతకంటే ఏం కావాలి అని చూసినవాళ్లంతా అంటారు. నిజమే. కానీ ఆర్నెల్లు తొక్కాక ఒక ఆదివారం పొద్దున హ్యాండిల్ మీదే కునుకు పట్టినంత పనైంది. ఆ సంగతి ఫోన్లో చెబితే మా బావమరిది పగలబడి నవ్వాడు. వాడుండేది వైజాగ్‌లో. "నువ్వు తొక్కేది రోడ్డు కాదు బావా, ట్రెడ్‌మిల్లు. ఓసారి ఇటు రా" అన్నాడు.

అలా డిసెంబర్ రెండో వారంలో బుధవారం నుంచి సోమవారం దాకా ఆరు రోజులు కుదుర్చుకున్నాం. వైజాగ్ నుంచి శృంగవరపుకోట, అరకు, పాడేరు, లంబసింగి. అక్కణ్ణుంచి కిందికి దిగి నర్సీపట్నం, తుని, కాకినాడ. చివర కోటిపల్లి దగ్గర గోదావరి దాటి అమలాపురం. అంతా కలిపి నాలుగు వందల కిలోమీటర్ల చిల్లర. నాది 28 మిల్లీమీటర్ల సన్న టైర్ల రోడ్ బైక్. వాడిది 35 మిల్లీమీటర్ల టైర్లు, వెనక క్యారియర్ ఉన్న మొద్దు బండి. దాన్ని చూసి నేను నవ్వాను. మూడో రోజుకి ఆ నవ్వు నా మొహాన లేదు.

ఒక ఆట పెట్టుకున్నాం. రాత్రి పడుకునే ముందు ఇద్దరం ఆ రోజు రోడ్డుకి పదికి మార్కులు వేయాలి, ఎందుకేశామో చెప్పాలి. ఈ రాసేదంతా చాలా వరకు ఆ పోట్లాటల్లోంచి వచ్చిందే.

మొదటి రోజు: వైజాగ్ – శృంగవరపుకోట

తెల్లారి ఐదింటికి బయల్దేరినా ఎన్ఏడీ జంక్షన్ దాటేసరికే లారీలు లేచి కూర్చున్నాయి. గోపాలపట్నం, పెందుర్తి, కొత్తవలస. ఈ ముప్ఫై కిలోమీటర్లలో చూడ్డానికేం లేదు గానీ నేర్చుకోవడానికి ఉంది.

రోడ్డు అంచున తెల్లగీత ఉంటుంది. దాని బయట అడుగున్నర చోటుంటే సైకిల్‌కి అదే రాజమార్గం. ఇక్కడ గీత ఉంది, చోటు లేదు. ఉన్నకాస్త చోటులో ఇసుక, ఆగిన ఆటో, కూరగాయల బండి. ఇంకా నయం, అసలు భయం తారు అంచుది. పాత రోడ్డు మీదే కొత్త పొర, దాని మీద ఇంకో పొర వేసుకుంటూ పోయారు. మట్టి మాత్రం ఎక్కడిదక్కడే. దాంతో తారు అంచుకీ పక్క మట్టికీ మధ్య జానెడు తేడా వచ్చింది. లారీ హారన్‌కి బెదిరి చక్రం కిందికి జారిందా, మళ్లీ ఏటవాలుగా పైకెక్కించడం కుదరదు. సన్న టైరు ఆ అంచు వెంబడే గీసుకుంటూ పోయి నిన్ను పడేస్తుంది. నేను పడలేదు. పడబోయి కాలు ఆనించాను. మోకాలి మీద చర్మం లేచింది.

కొత్తవలస దాటాక మామిడి తోటలు, జీడి తోటలు మొదలై ఊపిరాడింది. పదకొండుకల్లా కోటలో ఉన్నాం. లాడ్జి గది తొమ్మిది వందలు. సైకిళ్లు గదిలోకి వద్దన్నాడు ఓనరు. బయట పెట్టేది లేదని బావమరిది వాదించబోతుంటే నేనే అడ్డుపడి "గచ్చు మీద పేపర్లు పరుస్తామండి" అన్నాను. ఆయన నా సైకిల్‌ని ఒక వేలితో ఎత్తి చూసి, "ఏటి బాబూ, దీన్లో ఇనుమే లేదేటి?" అని ఆశ్చర్యపోయి, పాత పేపర్లు ఆయనే తెచ్చిచ్చాడు.

సాయంత్రం బస్టాండు దగ్గర పునుగులు, అల్లం చట్నీ. ప్లేటు ముప్ఫై. మూడు ప్లేట్లు తిన్నాం. మార్కులు: వాడు ఐదు, నేను నాలుగు.

రెండో రోజు: ఘాట్

రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. హైదరాబాద్‌లో నేనెక్కే ఎత్తంటే ఫ్లైఓవర్లే. ఇక్కడ బొడ్డవర దాటిన దగ్గర్నుంచి గాలికొండ దాకా వెయ్యి మీటర్ల పైచిలుకు ఎక్కాలి. ఫోన్లో ఆ ఎత్తుల గీత చూస్తే గోడలా నిలబడి ఉంది.

తొక్కడం మొదలెట్టాక తెలిసింది, అది గోడ కాదని. లోడు లారీలు, ఆర్టీసీ బస్సులు ఎక్కడానికి వేసిన రోడ్డది. వాలు ఒక హద్దు దాటితే అవే ఎక్కలేవు. అందుకని కొండ ఎంత నిటారుగా ఉన్నా, రోడ్డు మాత్రం చుట్టూ తిరిగి తిరిగి నింపాదిగా పైకి పోతుంది. వంద మీటర్లకి మూడో నాలుగో మీటర్లు. మలుపు లోపలి వైపు మాత్రం ఒక్కసారిగా నిక్కుతుంది, అక్కడ బయటి వైపు నుంచి తీసుకుంటే సరి. వెనక పెద్ద పళ్లచక్రం మీద చైను వేసుకుని గంటకి పది, పదకొండు కిలోమీటర్ల వేగంతో, మాట్లాడుకుంటూ ఎక్కాం. నిజంగా మాట్లాడుకుంటూనే. నగరంలో పక్కపక్కన తొక్కుతూ మాట్లాడుకోవడం నాకు గుర్తే లేదు.

ఇంకో సంగతి. కింద మైదానంలో హారన్ అంటే "తప్పుకో". ఘాట్‌లో హారన్ అంటే "నేనొస్తున్నా". ఆ రెంటికీ ఎంత తేడా ఉందో సైకిల్ మీద ఉంటేనే తెలుస్తుంది. మలుపు అవతల నుంచి బస్సు రెండుసార్లు పలుకుతుంది. మనం పక్కకి జరుగుతాం. డ్రైవరు ఇరవై, పాతిక మీద వస్తాడు, అంతకంటే వేగంగా రాలేడు. మన మొహం చూస్తాడు. ఒకాయన కిటికీలోంచి బొటనవేలెత్తి చూపించాడు. పక్క సీట్లో కండక్టరు మాత్రం మాకేదో రోగమన్నట్టు చూశాడు.

టైడా దాటాక అడవి చల్లబడింది. ఒక మలుపులో నీళ్లు తాగుతుంటే లోయ అవతల కొండ పొట్టలోంచి రైలు బయటికొచ్చింది. కొత్తవలస – కిరండూల్ లైను. 1960లలో ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజం కోసం వేసింది, దారిలో 58 సొరంగాలు. దాని మీద శిమిలిగుడ స్టేషను 996 మీటర్ల ఎత్తున ఉంటుంది. మన దేశం బ్రాడ్‌గేజ్ స్టేషన్లలో అన్నిటికంటే ఎత్తుదిగా చాలాకాలం దాని పేరే చెప్పుకున్నారు. గూడ్సు బండి మా వైపే, మాలాగే మెల్లగా ఎక్కుతోంది. ఒక సొరంగంలో దూరి ఇంకోచోట తేలుతోంది. "పందెం వేద్దామా బావా?" అన్నాడు. పెట్టెలు లెక్కపెడుతూ కూర్చున్నాం. అలా పది నిమిషాలు పోయాయి. రైలే గెలిచింది.

అనంతగిరి దగ్గర ఉప్మా పెసరట్టు, నలభై. పెసరట్టు మందం, ఉప్మా చల్లారింది, అయినా రెండేసి తిన్నాం. ఎక్కేటప్పుడు ఆకలి వేరు. గాలికొండ వ్యూపాయింట్‌లో మొక్కజొన్న కంకులు కాల్చే ఆవిడ మా చొక్కాలు పిండితే కారేలా ఉన్నాయని చూసి, అడక్కుండానే కుంపటి పక్కన ముక్కాలిపీట వేసింది. "పెట్రోలు కరువొచ్చిందా బాబూ?" అంది. కంకి ముప్ఫై. ఉప్పూ కారం నిమ్మచెక్కతో రాసిస్తుంటే ఆ చేతి మీద కాలిన మచ్చలు వరసగా కనపడ్డాయి, ఒక్కోటి ఒక్కో వయసుది.

సుంకరమెట్ట దగ్గర కాఫీ తోటలు. సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ, ఆ చెట్లకే పాకిన మిరియాల తీగలు. డిసెంబర్ గనుక కాయలు ఎర్రబడ్డాయి, కోస్తున్నారు. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. రోడ్డు పక్క బడ్డీలో తాగింది అదో కాదో చెప్పలేను. చక్కెర ఎక్కువ. వేడిగా ఉంది. చాలు.

అరకు దిగుతుంటే వలిసె పూలు చాలావరకు రాలిపోయాయి. పసుపు అక్కడక్కడా మిగిలింది. రాత్రి బొంగు చికెన్. వెదురుబొంగు చివర ఆకులు కుక్కి నిప్పుల్లో తిప్పుతుంటే బొంగులోంచి ఆవిరి ఈల వేసింది. అర కిలో నాలుగు వందలన్నాడు, మూడు వందల యాభైకి ఒప్పించాం. తర్వాత వెదురు చీల్చి అరిటాకులో పోసినప్పుడు వాసనకి సిగ్గేసింది, ఆ యాభై ఇచ్చేశాం.

మార్కులు: ఇద్దరం తొమ్మిది. ఒకటి ఎందుకు తగ్గించావంటే, "రేపు ఇంకా బాగుంటే?" అన్నాడు.

మూడో రోజు: అరకు – పాడేరు

ఇంకా బాగుండలేదు. నా లెక్కలో.

పొద్దున్నే బాగానే ఉంది. సంతకి వచ్చేవాళ్లు రోడ్డంతా బారులు. నెత్తిన చిలగడదుంపల గంపలు, చంకన కోడి, వెనక పిల్లలు. వాళ్లలో వాళ్లు ఆదివాసీ ఒరియాలో మాట్లాడుకుంటున్నారు, మాతో తెలుగు. ఒక పెద్దావిడ దగ్గర చోడి అంబలి, అంటే రాగి అంబలి, తాగాం, గ్లాసు పది. పులుపు, ఉప్పు, అడుగున రవ్వలా తగిలే పిండి. మేం తీసుకెళ్లిన ఎనర్జీ జెల్ ప్యాకెట్ ఒక్కోటి నూట ఇరవై. రెండు గంటల తర్వాత కూడా పొట్టలో నిలబడింది మాత్రం పది రూపాయలది. డబ్బులివ్వబోతే సిగ్నల్ లేదు, ఫోన్ తిరుగుతూనే ఉంది. ఆవిడ మా ఫోను వంక చూసి నవ్వి, "ఎల్లిరండి, ఎనక్కొచ్చినప్పుడు ఇద్దురు" అంది. ఎనక్కి రామని చెప్పడానికి నోరు రాలేదు. చివరికి బావమరిది టూల్ సంచీలో, పంక్చర్ ప్యాచీల కింద, మడిచిన యాభై దొరికింది. ఏజెన్సీలో తిరిగేవాళ్లు నోట్లు పెట్టుకోండి.

డుంబ్రిగుడ దాటాక రోడ్డు పనులు. రాజమండ్రి నుంచి రంపచోడవరం, చింతపల్లి, పాడేరు, అరకు మీదుగా విజయనగరం పోయే 516ఇ జాతీయ రహదారి ఇదే. దాన్ని అప్పుడు వెడల్పు చేస్తున్నారు. కిలోమీటరు కొత్త తారు, రెండు కిలోమీటర్లు కంకర, తర్వాత ఎర్రమట్టి. దుమ్ము లేవకుండా ట్యాంకరుతో నీళ్లు చల్లుతారు, దాంతో దుమ్ము కాస్తా జిగురవుతుంది. నా సన్న టైరు అందులో సబ్బు ముక్కలా జారింది. బ్రేకులో మట్టి చేరి గీరుకుంటున్న చప్పుడు. టైర్లో గాలి ఎనభై నుంచి అరవైకి తగ్గించాక కొంచెం పట్టు దొరికింది. ఎనిమిది కిలోమీటర్లు నడిచానని ఒప్పుకుంటాను. మా వాడి మొద్దు బండి మాత్రం ఏనుగులా పోయింది. ముందు పోయి, ఒక చింతచెట్టు కింద కూర్చుని, నేనొచ్చేదాకా ఎదురుచూసి, ఏమీ అనలేదు. ఆ అనకపోవడమే ఎక్కువ బాధ.

పాడేరు చేరేసరికి సాయంత్రం. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాకి కేంద్రమయ్యాక ఊరికి ఆఫీసుల హడావుడి వచ్చింది, లాడ్జిలూ పెరిగాయి. మోదకొండమ్మ గుడి దగ్గర పంపు కింద సైకిళ్లు కడుక్కుంటుంటే నలుగురు పిల్లలు చుట్టూ చేరి, అడక్కుండానే చైన్ తుడిచి పెట్టారు.

రాత్రి గట్టి గొడవ. నేను మూడు వేశాను, వాడు ఎనిమిది. "రోడ్డే లేనిచోట ఎనిమిదేంట్రా?" "బావా, పొద్దున్నుంచి ఎన్నిసార్లు భయమేసింది నీకు? చిరాకు కాదు, భయం." ఆలోచించాను. ఒక్కసారీ లేదు. జీపులు కిక్కిరిసి పైన కూడా మనుషులతో వచ్చాయి, కానీ మమ్మల్ని చూసి అంత దూరం నుంచే పక్కకి తీశారు. "రోడ్డు బాగుచేయొచ్చు. తోలేవాళ్లని ఎవరు బాగుచేస్తారు?" అని దుప్పటి కప్పేసుకున్నాడు. నేను మూడుని నాలుగు చేశాను, వాడికి చెప్పలేదు.

నాలుగో రోజు: లంబసింగి మీదుగా నర్సీపట్నం

చలి. ఐదున్నరకి హ్యాండిల్ పట్టుకుంటే వేళ్లు నావి కావు. గ్లవ్స్ మీద సాక్సులు తొడిగాను. లంబసింగికి కొర్రబయలు అని ఇంకో పేరుంది. బయట పడుకుంటే కొర్రులా, అంటే కట్టెలా, బిగుసుకుపోతారని అర్థమట. పేరు పెట్టినవాళ్లు అబద్ధమాడలేదు. జి.మాడుగుల వైపు పోతుంటే పొలాల మీద మంచు పాలమీగడలా పరుచుకుని, తాటిచెట్ల తలలు మాత్రం పైకి కనిపించాయి. సుమారు యాభై కిలోమీటర్లు, దిగుడూ ఎక్కుడూ. మధ్యమధ్య పనులు జరుగుతున్నా నిన్నటంత లేదు.

ఆ రోజు శనివారం. దాని సంగతి మేం లెక్కలోకి తీసుకోలేదు. లంబసింగి దగ్గరయ్యే కొద్దీ కార్లు. రాత్రంతా ప్రయాణం చేసి మంచు చూడ్డానికొచ్చిన కార్లు, పొగమంచులో హైబీమ్ లైట్లు వేసుకుని, సగం రోడ్డు మీద ఆపి సెల్ఫీలు. హైబీమ్ వేస్తే మంచు తెల్లగోడై తమకే ఏమీ కనపడదన్న సంగతి వాళ్లకెవరూ చెప్పలేదు. అదే రోడ్డు, అదే వాలు, అవే మలుపులు. మంగళవారం వచ్చుంటే తొమ్మిది వేసేవాణ్ణి. శనివారం పొద్దున ఏడింటికి ఐదు. ఒక ప్రాంతం సైకిల్‌కి బాగుంటుందా అని ఎవరైనా అడిగితే, ఏ వారం, ఎన్నింటికి అని ఎదురడగాలి.

అక్కడ టీ ఇరవై, స్ట్రాబెర్రీ డబ్బా నూట యాభై. తీయగా లేవు. కారు దిగినాయన ఒకాయన మమ్మల్ని ఆపి పిల్లల్ని పక్కన నిలబెట్టి ఫోటో తీసుకున్నాడు. తర్వాత అదే కారు నా మోచేతికి జానెడు దూరంలోంచి దూసుకుపోయింది. వెనక అద్దంలోంచి పిల్లలు టాటా చెబుతున్నారు.

దిగుడు ముప్ఫై కిలోమీటర్ల లోపే, కానీ ఎక్కడంకంటే అలసట. ఎక్కేటప్పుడు కాళ్లు నొప్పి, దిగేటప్పుడు చేతులు, మెడ. కొత్తవాళ్లు చేసే తప్పు బ్రేకు పట్టుకునే ఉండటం. నేనూ అదే చేశాను. నాలుగో మలుపుకి కాలిన వాసన. ఆగి వెనక డిస్కు మీద నీటిబొట్టు వేస్తే చుయ్యిమంది. ఆ తర్వాత బావమరిది చెప్పినట్టు, తిన్నగా ఉన్నచోట వదిలేసి, మలుపుకి ముందు మాత్రం గట్టిగా ఒక పట్టు పట్టి, మళ్లీ వదిలేయడం. కొండ దిగే కొద్దీ స్వెటర్లు, సాక్సులు, గ్లవ్స్ ఒక్కోటే సంచిలోకి.

నర్సీపట్నంలో సెగ. స్కూటర్ మీద ఒకాయన నాతో సమానంగా తోలుతూ, "ఎంత పడ్డాది సైకిలు?" అన్నాడు. నిజం చెబితే స్కూటర్ మీంచి పడతాడు. పదివేలన్నాను. "పదివేలే! మోసం చేసీసినారు బాబూ" అని జాలిపడి వెళ్లిపోయాడు.

ఐదో రోజు: హైవే

నర్సీపట్నం నుంచి కోటనందూరు మీదుగా తునికి చెరువులు, చెరుకు తోటల మధ్య మామూలు రెండు లైన్ల రోడ్డు. బాగుంది. దాన్నలా వదిలేస్తాను, ఎందుకంటే తుని తర్వాత వచ్చినదాన్ని గురించి చెప్పాలి.

16వ నంబరు జాతీయ రహదారి. చెన్నై – కోల్‌కతా. తారు గచ్చులా ఉంది. తెల్లగీత బయట రెండు గజాల చోటుంది. ఎత్తుపల్లాల్లేవు. కాగితం మీద మార్కులేస్తే ఆరు రోజుల్లో దీనికే ఫస్టు రావాలి. అక్కడ పదిహేడు కిలోమీటర్లలో నాకు నాలుగుసార్లు ప్రాణం పోయి వచ్చింది.

ఆ రెండు గజాల చోటు సైకిల్‌కి కాదు. ముందు ఆగి ఉన్న లారీకి. దాన్ని దాటాలంటే గీత లోపలికి రావాలి, వెనక వంద మీద బస్సు. తర్వాత ఎదురుగా రాంగ్ రూట్లో పాలక్యాన్ల బండి. చుట్టూ తిరిగి రావాలంటే రెండు కిలోమీటర్లు, పాపం అతన్నీ అనలేం. అతనూ మనమూ ఒకే అంచు కోసం ఎదురెదురుగా వస్తున్నాం, ఎవరు లోపలికి జరగాలి? అతను కళ్లతోనే నన్ను జరగమన్నాడు. జరిగాను.

ఆపైన పంక్చరు. పేలిన లారీ టైర్ల తోలుముక్కలు అంచున పడి ఉంటాయి. వాటిలో ఉక్కు తీగలు వెంట్రుకలంత సన్నగా ఉంటాయి, కంటికి కనపడవు. ట్యూబు మార్చి గాలి కొట్టాను. ఐదు నిమిషాల్లో మళ్లీ మెత్తబడింది. అప్పుడు టైరు విప్పి లోపల బొటనవేలితో అంగుళం అంగుళం తడిమాను. వేలికి గుచ్చుకుంది, రక్తపు చుక్క వచ్చింది, దొరికింది. పట్టుకుంటే జారిపోతోంది. నెయిల్ కట్టర్‌తో పట్టి లాగితే వచ్చింది. అర అంగుళం తీగ. అరచేతిలో పెట్టి చూశాం. దాని కోసం నలభై నిమిషాలు ఎండలో.

అన్నవరంలో కొండెక్కే ఓపిక లేదు. కిందే ప్రసాదం కొనుక్కున్నాం. ఆకులో కట్టిన గోధుమనూక ప్రసాదం, చేతికి నెయ్యి అంటుతుంటే తొడ మీద పెట్టుకుని తిన్నాం. మూడు రోజులుగా సంచిలో ఉన్న ఎనర్జీ జెల్లు అలాగే ఉన్నాయి. సత్యనారాయణస్వామి ప్రసాదం తిని కథ వినకపోతే ఏమవుతుందో ఇంట్లో అందరికీ తెలుసు గనుక, పిఠాపురం దాకా బావమరిది చిలవలు పలవలు కలిపి కథ చెబుతూనే ఉన్నాడు. కాకినాడ చేరేసరికి సాధువు ఓడలో ఉన్నవి ఆకులూ అలములూ అయ్యాయి.

మార్కులు: రెండు. ఆ రెండూ ప్రసాదానికని వాడన్నాడు.

ఆరో రోజు: కాలవ గట్టు

గోదావరి డెల్టాలో సైకిల్ తొక్కడం అంటే కాటన్ దొర పుణ్యం తినడం. 1852కి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది, దాన్నుంచి కాలవలు చీలి ఊరూరా పోయాయి. నీళ్లు తమంతట తామే నడవాలి గనుక కాలవ గట్టుకి ఎక్కుడు దిగుడు ఉండదు. ఆ గట్టు మీదే రోడ్డు. ఒక పక్క కాలవ ఉండబట్టి అటు నుంచి ఎవడూ అడ్డంగా రాడు. ఇంకోపక్క కొబ్బరి నీడ. రెండు కిలోమీటర్లకో ఊరు, ఊరికో టీకొట్టు. పైగా డిసెంబర్‌లో గాలి ఈశాన్యం నుంచి, మేం పోయేది నైరుతికి. ఎవరో వీపు మీద చెయ్యేసి తోస్తున్నట్టు ద్రాక్షారామం దాకా పోయాం. పంచారామాల్లో ఒకటి, రెండంతస్తుల గుడి. భీమేశ్వరుడి ముందు సైక్లింగ్ బూట్ల కింది మేకులు గచ్చు మీద టకటకమంటాయని బయటే విప్పి, వేడి రాయి మీద వట్టి కాళ్లతో గెంతులేశాం.

అక్కణ్ణుంచి కోటిపల్లికి పోతూ తప్పాం. ఒక వంతెన దగ్గర తారు రోడ్డు అవతలి గట్టుకి మారింది, మేం కబుర్లలో ఇవతలి గట్టునే పోయాం. రోడ్డు సన్నబడింది, తర్వాత గడ్డి, తర్వాత గేదెలు. చివర తలుపులు దించిన తూము, దాని మీద గాలం వేసుక్కూర్చున్న పెద్దాయన. "ఎక్కడికండీ?" "కోటిపల్లి రేవుకండీ." "ఆయ్, తప్పొచ్చేసారండి. ఆ గట్టున ఎల్లాలండి." వెనక్కి మూడు కిలోమీటర్లు పోవాలా అని మేం మొహమొహాలు చూసుకుంటుంటే, ఆయనే లేచి, కాలవ మీద అడ్డంగా వేసిన తాటిపట్టె చూపించి, నా సైకిల్ భుజాన వేసుకుని చకచకా నడిచి అవతల పెట్టేశాడు. వట్టి చేతులతో దాటడానికి నాకు ఆయనకంటే ఎక్కువసేపు పట్టింది.

కోటిపల్లి నుంచి ముక్తేశ్వరానికి పంటు, అంటే బళ్లని కూడా ఎక్కించుకునే పెద్ద పడవ. మనుషులు, మోటారు సైకిళ్లు, ఒక కారు, కొబ్బరికాయల బస్తాలు, మేమూ. మనిషికీ సైకిల్‌కీ కలిపి నలభై తీసుకున్నాడు. గోదావరి గౌతమి పాయ మధ్యలోకి వచ్చాక ఇంజను చప్పుడు తప్ప ఇంకేం లేదు. ఒకామె ఒళ్లో పూలసజ్జ పెట్టుకుని, మా మొహాల మీద ఉప్పు చారలు చూసి, రెండు జామకాయలిచ్చింది.

ఇంత పొగిడాను గనుక ఇది కూడా చెప్పాలి. గట్టు రోడ్డు ఇరుకు, కాలవ వైపు చాలాచోట్ల పిట్టగోడ లేదు. స్కూల్ బస్సు ఎదురొస్తే దిగి నిలబడటమే. ప్రతి ఊరికీ ముందొకటి వెనకొకటి స్పీడ్ బ్రేకర్లు. ఇక డిసెంబర్‌లో ధాన్యం. ముక్తేశ్వరం దాటిన దగ్గర్నుంచి సగం రోడ్డు మీద వడ్లు ఆరబోశారు. చుట్టూ హద్దుకి రాళ్లు. మిగిలిన సగంలో బస్సూ, ఆటో, మేమూ. రాయి తగిలితే పడతాం, వడ్ల మీదికెక్కితే జారతాం, రైతు ఊరుకోడు కూడా. నాకు మెల్లగా కోపం పెరుగుతోంది. రోడ్డు ఎందుకు వేశారు, దీనికా?

అమలాపురం ఇంకో ఆరు కిలోమీటర్లుందనగా మబ్బు పట్టింది. చినుకు పడింది. రోడ్డు పొడుగునా కేకలు. ఇళ్లలోంచి ఆడా మగా పరిగెత్తుకొచ్చి ధాన్యం పోగు చేస్తున్నారు, చీపుళ్లు, పారలు, వట్టి చేతులు. ఒక ముసలాయన ఒక్కడే పెద్ద బరకం లాగుతున్నాడు, గాలికి అది లేచిపోతోంది. సైకిళ్లు కొబ్బరిచెట్టుకి ఆనించి చెరో కొసా పట్టుకున్నాం. ఒక వైపు నేను, ఒక వైపు బావమరిది, నా బూట్లు వడ్లలో పడకుండా ఆయన చూసుకుంటున్నాడు. నేను తిట్టుకున్న రాళ్లే ఏరి కొసల మీద పెట్టాం. పది నిమిషాల్లో చినుకు ఆగిపోయింది. కురిసింది చెంబుడు కూడా లేదు.

ఆయన చెట్టు కింద బొండాం కొట్టిచ్చి, మా సైకిళ్ల చుట్టూ ఓసారి తిరిగొచ్చాడు.

"ఎక్కణ్ణుంచండీ?"

"వైజాగ్ నుంచండీ. అరకు మీదుగా."

"ఆయ్, మావైపు రోడ్లు ఎలా ఉన్నాయండి తొక్కడానికి?"

బావమరిది నా వైపు చూశాడు. నేను వడ్ల వైపు చూసి, "బాగున్నాయండీ" అన్నాను.

ఆయనకి అర్థమైంది. నవ్వాడు. "ఇప్పుడు కాదండి. సంక్రాంతికి రాకండి, కార్లు. ఏప్రిల్లో రాకండి, దాళ్వా వరి కోతలు. ఫిబ్రవరిలో రండి, రోడ్డంతా తవఁదేనండి" అని, బరకం మళ్లీ విప్పడం మొదలెట్టాడు.